కాశిబుగ్గలో ముప్పై నాలుగు డిగ్రీలు

మా అనూషకు క్లాసులో ముక్కులోంచి రక్తం కారిందని కోచింగ్ సెంటర్ నుంచి ఫోను వచ్చే సమయానికి, మా కాలనీ వాట్సాప్ గ్రూపులో భూగోళం నిజంగా వేడెక్కుతోందా లేదా అని వాదన నడుస్తోంది. ఫోను ఎత్తే తొందరలో నా వేలు ఎక్కడో తగిలి రాంచందర్ సార్ పెట్టిన మెసేజికి చప్పట్లు కొట్టే బొమ్మ వెళ్లిపోయింది. ఆయన వెంటనే, "థాంక్యూ సుభాషిణిగారూ, మీరైనా నిజం గ్రహించారు" అని రాశాడు. నా బిడ్డ ముక్కున రక్తం కారుతుంటే నేను గ్రహించిన నిజం అది.

రాంచందర్ సార్ డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి. ప్రపంచంలో ఉన్న థర్మామీటర్లన్నీ కూడబలుక్కుని అబద్ధం ఆడుతున్నాయని ఆయన నమ్మకం. ఒకప్పుడు ఊరి బయట పొలాల్లో పెట్టిన థర్మామీటర్ల చుట్టూ ఇప్పుడు ఊళ్లు పెరిగాయట, ఏసీల వేడిగాలి వాటి మొహాన కొడుతోందట, అది చాలక పాత లెక్కల్ని కూర్చుని దిద్దుతున్నారట. ఇదంతా ఆయన రోజూ పొద్దున కాఫీ తాగాక మా అందరికీ రాస్తాడు. ఆయనకు ఎదురు నిలిచేవాడు ఓంప్రకాశ్. ఇళ్ల మీద సోలార్ పలకలు బిగించే వ్యాపారం అతనిది. సముద్రాల్లో తేలే యంత్రాలని, ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలని, ఒక చోటి లెక్క తప్పితే చుట్టుపక్కల లెక్కలతో పోల్చి పట్టేస్తారని ఫొటోలతో సహా పెడతాడు. ప్రతి మెసేజి కింద దుకాణం నంబరు కూడా పెడతాడు. భూమి కాలిపోతోందని అంత బాధగా చెప్పి, ఆ వెంటనే ఈ నెల ఆఫర్ ఏమిటో చెప్పగలగడానికి గుండె ధైర్యం కావాలి. నాకు అది లేదు. నాకు అలారం మోగితేనే గుండె ఆగినట్టు అవుతుంది.

ఆటో ఎక్కి సెంటర్‌కు వెళ్లేలోపు నేను అనుకోవలసినవన్నీ అనుకున్నాను. మెదడులో గడ్డ. రక్తంలో జబ్బు. చిన్నప్పుడు మంచం మీది నుంచి పడినప్పుడు లోపల ఏదో చిట్లి ఇప్పుడు బయటికి వచ్చింది. మా ఆయన శ్యాంసుందర్‌కు స్టీలు సామాన్ల దుకాణం ఉంది. ఆయనకు ఫోను చేస్తే గిన్నెల చప్పుడులో నా మాట వినపడక, "మంచిది, రానీ" అన్నాడు. ఏమి రావాలో నాకు అర్థం కాలేదు.

కుమారస్వామి సార్ కోచింగ్ సెంటర్ మూడంతస్తుల మేడ. కింద ఆయన ఆఫీసు, దానికి ఏసీ. పక్కనే ఒక క్లాసు గది, దానికి పెద్ద కూలర్. రిటైరయ్యాక రాంచందర్ సార్ పొద్దున పూట ఫిజిక్సు చెప్పేది ఆ గదిలోనే. మధ్యాహ్నం క్లాసులు మాత్రం పై అంతస్తు మీద, రేకులు వేసిన హాలులో. పిల్లలు ఎక్కువయ్యారని ఈ ఎండాకాలమే వేయించాడు ఆ రేకులు. ఎంట్రెన్సు పరీక్ష దగ్గర పడింది కాబట్టి ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా పిల్లలంతా అక్కడే. అనూష మెట్ల మీద కూర్చుని తల వెనక్కి వంచి ఉంది. చున్నీ అంతా రక్తం. నన్ను చూసి మొదట అన్న మాట, "మమ్మీ, జర లొల్లి పెట్టకు" అని.

దవాఖానలో డాక్టరు చూసి ఎండదెబ్బ తగలబోయి ఆగిందన్నాడు. నీళ్లు తాగాలట, ఆ రేకుల కింద కూర్చోకూడదట. స్కానింగ్ చేస్తారా అని అడిగాను. నవ్వాడు. మీకు చేయమంటారా అన్నాడు. అందరికీ నవ్వులాటే.

కుమారస్వామి సార్ మాకు ముందే ఒక మాట ఇచ్చి ఉన్నాడు. ఎండల గురించి తల్లిదండ్రులు అడిగితే, తానొక శాస్త్రీయమైన పద్ధతి పెట్టుకున్నానని మీటింగులో చెప్పాడు. మా వరంగల్ కాశిబుగ్గలో మంచినీళ్ల ట్యాంకు ఆవరణలో సర్కారు వాళ్లు ఎండ, వాన కొలిచే మిషను ఒకటి పెట్టారు. దాని లెక్క గంటగంటకూ వెబ్‌సైట్‌లో వస్తుంది. అది నలభై రెండు దాటిన రోజున మధ్యాహ్నం క్లాసు బంద్. దాటకపోతే క్లాసు ఉంటుంది. అందరం చప్పట్లు కొట్టాం. నేనూ కొట్టాను, అప్పుడు నిజంగానే కొట్టాను. ఇక ఆ రోజు నుంచీ నలభై రెండు కాదు గదా, నలభై కూడా దాటలేదు. హన్మకొండలో నలభై మూడు, వరంగల్ స్టేషను దగ్గర నలభై మూడు, మరిపెడలో నలభై నాలుగు, కాశిబుగ్గలో మాత్రం ముప్పై నాలుగు. ఊటీలో ఉండవలసిన పేట పొరపాటున ఇక్కడ పడిందేమో.

మరునాడు పొద్దున నేను ఆఫీసుకు వెళ్లి బిడ్డ పరిస్థితి చెప్పాను. కుమారస్వామి సార్ ఎంతో బాధపడ్డాడు. ఆ బాధతోనే ఫోను తీసి వెబ్‌సైట్ చూపించాడు. నిన్న రెండు గంటలకు ముప్పై నాలుగు పాయింటు ఒకటి. ఎండ వల్ల కాదు మేడమ్, పిల్లలు టిఫిన్ తినకుండా వస్తున్నారు అన్నాడు. మా పిల్ల ఆ రోజు ఐదు ఇడ్లీలు తిని వెళ్లింది. ఆ సంగతి ఏ వెబ్‌సైట్‌లో రాదు కాబట్టి నేను చెప్పినా లెక్కలోకి రాలేదు.

క్లాసు మానమంటే అనూష వినలేదు. మాక్ టెస్టులు నడుస్తున్నాయి, ఒక్కటి పోయినా ర్యాంకు పోతుందట. తడిగుడ్డ తలకు కట్టుకుని కూర్చుంటానంది. మా ఆయన కూడా, అందరి పిల్లలూ కూర్చోవడం లేదా అన్నాడు. అందరి పిల్లలతో పాటు మా పిల్ల కూడా పడిపోతే ఆయనకు తృప్తిగా ఉంటుంది కాబోలు.

నాకు చేతనైన సాక్ష్యం ఒకటి తేవాలనుకున్నాను. ఇంట్లో జ్వరం చూసే థర్మామీటరు ఉంది. మిట్టమధ్యాహ్నం దాన్ని వంటింటి కిటికీలో పెట్టాను. అది అంకెలన్నీ దాటిపోయి, ఇక నా వల్ల కాదన్నట్టు ఒక ఇంగ్లీషు అక్షరం చూపించి ఊరుకుంది. దాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టి, కాశిబుగ్గలో ముప్పై నాలుగు ఎట్లా ఉంటుందని అడిగాను.

రాంచందర్ సార్‌కు పండగ అయింది. జ్వరం చూసేది వేరు, వాతావరణం చూసేది వేరమ్మా అని మొదలుపెట్టి, నీడ అంటే ఏమిటో, గాలి అంటే ఏమిటో, పదో తరగతితో చదువు ఆపేస్తే ఏమవుతుందో చెప్పాడు. చివరి మాట నా పేరు లేకుండా అన్నాడు, అది ఆయన మర్యాద. పైగా కాశిబుగ్గ మిషనే అసలైన మిషనట. దాని పక్కన ఏసీలు లేవు, అద్దాల మేడలు లేవు, కల్తీ లేని లెక్క అది ఒక్కటేనట. మిగతా చోట్ల వచ్చే నలభై మూడులన్నీ ఏసీల గాలేనట. ఓంప్రకాశ్ ఊరుకుంటాడా. ఆ ఒక్క మిషను చెడిపోయి ఉంటుంది, అటువంటి లెక్కను నిపుణులు పక్కన పడేస్తారు, ప్రపంచం లెక్కకు దానితో పని లేదు అన్నాడు. మిషను ఎట్లా ఉంటుందో కోసి చూపించినట్టున్న బొమ్మ కూడా పెట్టాడు. తెల్లటి సాసర్లు బోర్లించి ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటాయట, వాటి సందుల్లోంచి గాలి ఆడుతుందట, ఎండ తగలకుండా వాటి మధ్యలో కొలిచే ముల్లు ఉంటుందట.

ప్రపంచం లెక్కకు దానితో పని లేదు, సరే. మా పిల్ల క్లాసు లెక్కకు దానితోనే పని. ఆ మాట రాద్దామని సగం టైపు చేసి చెరిపేశాను. ఈ ఇద్దరూ నెలల తరబడి థర్మామీటర్ల గురించి కొట్టుకుంటున్నారు. రాంచందర్ సార్ పాలప్యాకెట్ కోసం రోజూ ఆ ట్యాంకు ముందు నుంచే నడుస్తాడు. ఓంప్రకాశ్ గోడౌను దాని వెనక సందులోనే. ఒక్కడైనా తల తిప్పి ఆ మిషను వైపు చూసిన పాపాన పోలేదు. అంటార్కిటికాలో మంచు ఎంత మందమో ఇద్దరికీ తెలుసు.

నేనే వెళ్లాను. వెళ్లాలని ధైర్యం పుట్టి కాదు, ఆ రోజు మధ్యాహ్నం ఇంట్లో కూర్చోలేక. అనూష రేకుల కింద ఉంది, ఫోను మోగుతుందేమో అని నేను ఫోను వైపు, గోడ గడియారం వైపు చూస్తూ పిచ్చిదాన్ని అయ్యేటట్టున్నాను. దారిలో కొత్త భయాలు పట్టుకున్నాయి. ఆ మిషను నుంచి ఏమైనా రేడియేషన్ వస్తుందేమో. సర్కారు సొత్తు దగ్గరికి పోతే కేసు పెడతారేమో. కొంగు తల మీద కప్పుకుని గోడ వారనే నడిచాను.

ట్యాంకు ఆవరణ గేటుకు తాళం లేదు. లోపల జాలీ కంచె, ఆ కంచె మధ్యలో ఒక స్తంభం, స్తంభానికి పక్కకు చాచిన ఇనుప చేయి. బొమ్మలో ఉన్నట్టు తెల్లని సాసర్ల కోసం వెతికాను. అవి కనపడలేదు. వాటి చోట ఎర్రని నూలు ఉంది. రంగు నీళ్లు చుక్క చుక్కగా కారుతూ లావైన నూలు చుట్టలు ఆ చేయికి వరసగా వేలాడుతున్నాయి. కంచె మీద ఆకుపచ్చవి, పసుపువి.

మా కాశిబుగ్గలో ఇది వింత కాదు. ఇక్కడ దర్రీలు, అదే జంపఖానాలు, నేసేవాళ్లు నూలుకు రంగు వేసి, ఆ తడి చుట్టల్ని కర్ర ఎక్కడ కనపడితే అక్కడ, తీగ ఎక్కడ కనపడితే అక్కడ ఆరేస్తారు. కరెంటు స్తంభానికి, ఆగి ఉన్న ట్రాలీకి, ఎన్నికలప్పుడు కట్టిన వెదురు బొంగుకు. వాటిని లడీలు అంటారు. మనకు స్తంభం కనపడితే స్తంభం అనుకుంటాం, వాళ్లకు ఆరేసుకునే జాగ.

గోడ అవతల నుంచి ఇంకో బకెట్టు నిండా తడి లడీలు మోసుకుంటూ సోమక్క వచ్చింది. ఆమె ఇల్లు ట్యాంకు పక్కనే. రంగులు వేస్తూనే ముసలిది అయిపోయింది, చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉంటాయి.

"ఏంది సోమక్కా ఇది? సర్కారు మిషిను మీద నూలు ఆరేసినవ్."

"మరి యాడ ఆరెయ్యాలె చెల్లె? నా జాగల మురికినీళ్ల మోరీ కోసమని తవ్వి ఇడిసిపెట్టి పోయిన్రు. పూడుస్తలేరు, కడుతలేరు. గీడ గాలి మంచిగ తగుల్తాంది. గాలి తగిలే జాగ జూసే పెడ్తరట గద గీ మిషిన్లు. ఫిట్ జేసిన పిలగాడే చెప్పిండు."

"కంచె మీద ఏస్తే ఏసినవ్. గా తెల్ల పలకల మీదికి ఎందుకు?"

"లడి చిక్కువడకుంట ఉంటది. చేతికి గాజు ఎక్కినట్టు ఎక్కుతది. సర్కారోల్లు ఒక్కటన్న పనికొచ్చేది పెట్టిన్రు అనుకున్న."

వినేసరికి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎండాకాలం కుండకు తడిగుడ్డ చుడితే నీళ్లు చల్లబడతాయని మా ఇంట్లో పని చేసే పిల్లకు కూడా తెలుసు. సోమక్క పొద్దున ఒక విడత, మధ్యాహ్నం ఒక విడత తడి నూలు తెచ్చి ఆ ముల్లు చుట్టూ కప్పుతోంది. ఎండ ముదిరినకొద్దీ నూలు తొందరగా ఆరుతుంది కాబట్టి ఇంకా ఎక్కువ తెచ్చి కప్పుతోంది. కాశిబుగ్గ కాలిపోతుంటే మిషను మాత్రం తడి దుప్పటి కప్పుకుని హాయిగా ముప్పై నాలుగు అంటోంది. దాన్ని చూసి కుమారస్వామి సార్ క్లాసు పెడుతున్నాడు. దాన్ని చూసి రాంచందర్ సార్ ప్రపంచంలోని శాస్త్రవేత్తలందరినీ దొంగలంటున్నాడు.

"గా పలకల నడుమ ఎండ జూసే ముల్లు ఉంటదంట సోమక్కా. నువ్వు కప్పిన తడికి అది సల్లగ కూసొని, ఈడ ఎండే లేదంటాంది. గది జూసి మా అనూషను రేకుల కింద కూసోవెడ్తాన్రు. మొన్న ముక్కుల నుంచి రక్తం కారింది."

సోమక్క బకెట్టు కింద పెట్టింది. నోటి మీద చేయి వేసుకుంది, ఆ చేయి ఎర్రగా ఉంది కాబట్టి చూసేవాళ్లకు ఆమెకూ రక్తం కారిందేమో అనిపించేది. తరువాత, తన మీద కేసు అవుతుందా అని అడిగింది. నేను కూడా దారంతా అదే అనుకుంటూ వచ్చానని చెప్పలేదు. కాదులే అన్నాను.

"తీసేస్త చెల్లె. తీసేస్త గని, గీ నూలు నేను యాడ పెట్టుకోవాలె? పొద్దుగూకంగ మగ్గాలోల్లు అస్తరు. ఆరకపోతే ఆల్ల నోట్ల నేను పడాలె."

ఆమె అడిగింది న్యాయమే. ఆ ఎండలో నిలబడి ఆలోచించే ఓపిక నాకు లేదు. మా మేడ మీద ఆరేసుకో అన్నాను. మా ఆయన ఆ మేడకు పోయిన ఏడాదే తెల్ల రంగు వేయించాడు, ఇంట్లోకి వేడి దిగదని. ఆ సంగతి నోట్లోంచి మాట వచ్చాక గుర్తొచ్చింది. సోమక్క అప్పటికే ఒక్కో లడీ స్తంభం చేతి మీది నుంచి తీసి బకెట్టులో వేస్తోంది.

తెల్లని సాసర్లు బయటపడ్డాయి. తెల్లగా ఏమీ లేవు, లేత గులాబీ రంగులో ఉన్నాయి.

ఇంటికి వచ్చి ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఒంటిగంట లెక్క ముప్పై నాలుగు. రెండు గంటల లెక్క నలభై మూడు పాయింటు రెండు. ఎండ పెరిగిందని సంతోషించిన మనిషిని ఊరంతటిలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. ఆ సంతోషం కూడా ఎంతోసేపు నిలవలేదు. నలభై మూడా, అయితే ఇన్నాళ్లూ నా బిడ్డ కూర్చున్నది నలభై మూడులోనా, రేకుల కింద ఇంకా ఎంత ఉంటుంది అని మళ్లీ మొదలుపెట్టాను.

గ్రూపులో రాంచందర్ సార్ అప్పటికే ఫొటో పెట్టేశాడు. ఒక్క గంటలో తొమ్మిది డిగ్రీలు ఎక్కడైనా పెరుగుతాయా, ప్రకృతిలో ఇది సాధ్యమా, ఇన్నాళ్లూ నేను మొత్తుకుంటున్నది దీని గురించే, పైనుంచి ఎవరో కూర్చుని అంకె మార్చారు, కళ్ల ముందే దొరికిపోయారు అని రాశాడు. లెక్కలు దిద్దే దొంగతనం లండన్‌లోనో న్యూయార్క్‌లోనో జరుగుతుందనుకుంటే మన కాశిబుగ్గ దాకా వచ్చిందట. కిందనే ఓంప్రకాశ్, చెడిపోయిన సెన్సారును డిపార్టుమెంటు గుర్తించి బాగు చేసింది, సైన్సు తన తప్పు తానే దిద్దుకుంటుంది, ఇదే దానికి రుజువు అని రాశాడు. కింద దుకాణం నంబరు.

ఆ దొంగలు ఎవరయ్యా అంటే నేనూ సోమక్కా. ఆ సైన్సు ఎవరయ్యా అంటే మళ్లీ మేమే.

ఈసారి చెరిపేయకుండా టైపు చేశాను. మిషను మీద తడి నూలు ఆరేసి ఉందని, మేము తీసేశామని, అందుకే పెరిగిందని. రాంచందర్ సార్ నవ్వే బొమ్మలు పెట్టి, నూలుకూ భూగోళానికీ ఏం సంబంధమమ్మా అన్నాడు. ఓంప్రకాశ్ బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టి ఏదో ఇంగ్లీషు వ్యాసం లింకు ఇచ్చాడు. చదివి బొటనవేలు ఎత్తాడో, చదవకుండా ఎత్తాడో అతనికే తెలియాలి.

కుమారస్వామి సార్ ఆ రోజు క్లాసు బంద్ చేయలేదు. మరునాడూ నలభై మూడు వచ్చింది, మరునాడూ చేయలేదు. ఇక మా ఆయనను వెంటబెట్టుకుని వెళ్లాను. వెంటబెట్టుకుని అంటే, ఆయన ఆఫీసు గుమ్మం దాకా వచ్చి, చెప్పులు విడిచే చోట నిలబడి, ఎవరివో చెప్పులు సర్దుతూ ఉండిపోయాడు. లోపల ఏసీ గదిలో రాంచందర్ సార్ కూడా కూర్చుని ఉన్నాడు. పొద్దున క్లాసు చెప్పి, ఎండ తగ్గేదాకా అక్కడే ఉండి ఇంటికి పోతాడట. ఎండే లేదు కదా అని అడగబోయి ఆగాను.

కుమారస్వామి సార్ చాలా ఓపికగా మాట్లాడాడు. నిన్నటిదాకా ముప్పై నాలుగు చూపించిన మిషను ఒక్కసారిగా నలభై మూడు అంటే ఏ లెక్కన నమ్మాలి మేడమ్, సార్ కూడా అనుమానం అంటున్నారు, ఒక వారం పది రోజులు గమనించి నిర్ణయం తీసుకుందాం అన్నాడు. వారం పది రోజుల్లో కోర్సే అయిపోతుంది.

ఈసారి నేను ఆగలేదు. "ముప్పై నాలుగును వారం పది రోజులు సూసి నమ్మిన్రా సార్? మొదటి రోజే నమ్మిన్రు గద."

ఆయన రాంచందర్ సార్ వైపు చూశాడు. రాంచందర్ సార్ కళ్లజోడు సరిచేసుకుని, ఉష్ణోగ్రత వేరు, మనకు వేడిగా అనిపించడం వేరు, అనిపించడమనేది మనసుకు సంబంధించింది అని చెప్పడం మొదలుపెట్టాడు. భయపడే తల్లుల పిల్లలకు ఎక్కువ వేడి అనిపిస్తుందని కూడా అన్నాడు. నా వెనక ఇంకో ఇద్దరు తల్లులు వచ్చి నిలబడ్డారు. అందులో ప్రేమలత అనే ఆమె కొడుకు కూడా మొన్న వాంతులు చేసుకున్నాడు. ఆమె నోరు నా నోరులాంటిది కాదు.

"అయితే మీకు భయం లేదు గద సార్. రేపటి సంది మధ్యాహ్నం క్లాసు మీరే చెప్పున్రి. గా రేకుల కిందనే. పిల్లలకు ధైర్యం వస్తది."

రాంచందర్ సార్ ఏసీ వైపు ఒకసారి చూశాడు. కాదంటే పరువు పోతుంది, అవునంటే మధ్యాహ్నం నిద్ర పోతుంది. చివరికి పరువు గెలిచింది. తప్పకుండా చెప్తాను, అందులో ఏముంది అన్నాడు రాంచందర్ సార్.

మరునాటి మధ్యాహ్నం క్లాసు సంగతి అనూష ఇంటికి వచ్చి చెప్పింది. సార్ మెట్లెక్కి రాగానే గాలి బాగానే ఉందన్నాడట. బోర్డు మీద ఒక లెక్క వేశాడట. లెక్క సగంలో చొక్కా పై గుండీ విప్పుకున్నాడట, నీళ్లు అడిగాడట. ఒక సీసా తాగాడు, రెండో సీసా సగం తాగి మిగతా సగం తువ్వాలు మీద పోసి తలకు చుట్టుకున్నాడట. ఆ తువ్వాలు కింద ఆయన తలకు ముప్పై నాలుగే ఉండి ఉంటుంది. ఇక అప్పటి నుంచి కొంచెం తేరుకుని ఇంకో లెక్క మొదలుపెట్టాడట. తువ్వాలు ఆరిపోయాక కుర్చీలో కూర్చున్నాడు. కూర్చుని, ఈ పాఠం ఎవరికి వారు చదువుకుంటేనే బుర్రకెక్కుతుందని చెప్పి కళ్లు మూసుకున్నాడు. పిల్లలు భయపడి కిందికి పరిగెత్తారు. ఇద్దరు మగపిల్లలు రెండు భుజాలు పట్టి ఆయనను కూలర్ గదికి దింపారట.

నాకు జాలి వేసిందా అంటే వేసింది. పెద్దమనిషి, ఏదైనా అయితే ఆయన భార్య ఏం కావాలి అని ఆ రాత్రి రెండుసార్లు అనుకున్నాను. మూడోసారి అనుకోబోతుంటే, మా పిల్ల కళ్లు మూసుకుని ఉంటే ఆయన దాన్ని మనసుకు సంబంధించింది అనేవాడు కదా అని గుర్తొచ్చి ఊరుకున్నాను.

మరునాడు కోచింగ్ సెంటర్ నుంచి మెసేజి వచ్చింది. పిల్లల ఏకాగ్రతను దృష్టిలో పెట్టుకుని మధ్యాహ్నం క్లాసులను తెల్లవారుజామున ఐదున్నరకు మార్చడమైనది, తల్లిదండ్రులు సహకరించగలరు అని. ఎండ అన్న మాట ఎక్కడా లేదు. డిగ్రీ అన్న మాట లేదు. మిషను సంగతి లేదు. ఏకాగ్రత ఒక్కసారిగా తెల్లవారుజాముకు మారిపోయింది. మా ఆయన అది చదివి, చూసినవా, పెద్దోల్లు ఆలోచిస్తే గిట్లుంటది అన్నాడు. తరువాత మేడ మీదికి వెళ్లాడు. ఆ ఎర్రని మరకలు చూసి కిందికి వచ్చి, రోజంతా నాతో మాట్లాడలేదు. నాకు అది కూడా హాయిగానే ఉంది.

ఐదున్నర క్లాసు అంటే ఐదింటికే బయలుదేరాలి. అప్పటికి ఇంకా చీకటి. ఆ చీకట్లో కుక్కలు గుంపులు గుంపులుగా తిరుగుతాయి. మోరీ కోసం తవ్విన గుంత మీద పలకలు లేవు. లారీలు ఆ వేళలో లైట్లు వేయకుండా వస్తాయని విన్నాను. ఇవన్నీ చెబితే అనూష, మరి ఎప్పుడు పోవాలి మమ్మీ, మధ్యాహ్నం వద్దంటివి, పొద్దున వద్దంటానవు అంది. ఎప్పుడూ పోవద్దు అనాలని ఉంది నాకు. అనలేదు. మా ఆయన దుకాణం షట్టరు గుంజే ఇనుప కొక్కెం కర్ర పట్టుకుని వెంట బయలుదేరాను.

అది నాకంటే పది అడుగులు ముందు నడుస్తోంది, తెలిసినవాళ్లు ఎవరైనా చూస్తే నేను ఎవరో అన్నట్టు. ముఖం తేటగా ఉంది. రాత్రి నిండా నిద్రపోయింది. నా బొడ్లో ఫోను టింగుమంది. ఈ వేళకు లేచేది మా గ్రూపులో ఒక్కడే. కోలుకున్నట్టున్నాడు. చూడలేదు నేను. ముందు ఒక నల్లకుక్క చెవులు నిక్కపొడుచుకుని మా వైపే చూస్తోంది, కర్ర గట్టిగా పట్టుకుని అనూషను దాటి ముందుకు నడిచాను.